సర్ఫేస్ మోడలింగ్ నేర్చుకోవాలంటే రైనోనా, ఫ్యూజనా, ఏలియసా, కాటియానా?

బీటెక్ మెకానికల్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాళ్లు, ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాదిలో ఉన్నవాళ్లు, నగల డిజైన్లు చేసేవాళ్లు, అందరూ నన్ను ఒకటే అడుగుతుంటారు. "అన్నా, సర్ఫేసింగ్ నేర్చుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటావ్?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను. నువ్వు చేసిన సర్ఫేస్ నీ కంప్యూటర్ దాటాక ఎవరి చేతికి వెళ్తుంది? మోల్డ్ తయారుచేసే టూల్‌రూమ్‌కా, త్రీడీ ప్రింటర్‌కా, కారు కంపెనీలో పక్క టీమ్‌కా, లేక రెండర్ (ఫొటోలా కనిపించే బొమ్మ) తీసి క్లయింటుకు చూపించడానికేనా? ఈ జవాబు దొరికితే సాఫ్ట్‌వేర్ సంగతి సగం తేలిపోయినట్టే.

నేను మొదట్లో ఆ ప్రశ్న వేసుకోలేదు. చేత్తో పట్టుకునే ఒక చిన్న పరికరానికి ప్లాస్టిక్ కేసు డిజైన్ చేసి, బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌కి తీసుకెళ్లాను. రెండర్ చాలా బాగా వచ్చింది, నాకు మంచి ధీమాగా ఉంది. అక్కడాయన ఫైలు తెరిచి లోపలి వైపుకు రెండు మిల్లీమీటర్ల మందం ఇవ్వబోయాడు, ఎర్రర్. మళ్లీ ఇచ్చాడు, మళ్లీ ఎర్రర్. జూమ్ చేసి చూపించాడు. బొటనవేలు ఆనే చోట అంచు వంపు రేడియస్ ఒకటిన్నర మిల్లీమీటరే ఉంది, దాన్నుంచి రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిపితే ఆ సర్ఫేస్ తనను తానే కోసుకుంటుంది. ఆ పక్కనే రెండు అంచుల మధ్య వెంట్రుకంత సందు. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ రోజు బాగా తెలిసొచ్చింది. నాలుగు రోజులు కూర్చుని మొత్తం మళ్లీ మొదటి నుంచి చేశాను.

అందుకే సాఫ్ట్‌వేర్ల పేర్లలోకి వెళ్లేముందు, దేన్ని బట్టి ఎంచుకోవాలో మాట్లాడుకుందాం.

## ముందు చూసుకోవాల్సినవి

సాలిడ్ మోడలింగ్‌లో చేతిలో ఒక దిమ్మ ఉంటుంది. దాన్ని కోస్తాం, రంధ్రం పెడతాం, ఇంకో దిమ్మ అతికిస్తాం. సర్ఫేస్ మోడలింగ్‌లో దిమ్మ ఉండదు, మందం లేని పైపొర మాత్రమే ఉంటుంది. ముందు గీతలు గీస్తాం, గీతల మధ్య పొర పరుస్తాం, పొరలను ఒకదానితో ఒకటి కలుపుతాం, ఆఖర్న మందం ఇస్తాం. షాంపూ సీసా, బైకు ట్యాంకు, హెల్మెట్, కారు డోరు లాంటివన్నీ ఇలాగే పుడతాయి.

ఇందులో అసలు కష్టమంతా పొరలు కలిసే చోట ఉంటుంది. ఇంట్లో కొత్త స్టీలు బిందె ఉంటే ట్యూబ్‌లైటు కింద పెట్టి మెల్లగా తిప్పండి. లైటు ప్రతిబింబం పొడుగాటి తెల్లటి చారలా బిందె పొట్ట మీద నుంచి మెడ వైపు పాకుతుంది. ఎక్కడైనా సొట్ట ఉంటే, వేలికి కూడా తగలనంత చిన్నదైనా సరే, ఆ చార అక్కడ వణుకుతుంది. డిజైన్ స్టూడియోల్లో క్లాస్-ఏ సర్ఫేస్ అని పిలిచే పని మొత్తం ఈ చార వణకకుండా చూసుకోవడమే. సాఫ్ట్‌వేర్లలో దీనికోసం జీబ్రా అనే టూల్ ఉంటుంది, మోడల్ మీద నలుపు తెలుపు చారలు వేసి చూపిస్తుంది. రెండు పొరల అంచులు ఊరికే తగులుతుంటే చారలు కీలు దగ్గర తెగి పక్కకు జరుగుతాయి, అది జీ-0. దిశ కూడా కలిస్తే చారలు కలుస్తాయి గానీ అక్కడ మోచేయిలా మడత పడుతుంది, అది జీ-1. వంపు కూడా సరిపోతే చార ఆగకుండా సాగిపోతుంది, అది జీ-2. వంపు మారే వేగం కూడా కలిస్తే జీ-3, దాని అవసరం కార్ల బయటి భాగాల్లాంటి చోట్ల పడుతుంది.

ఇంకొక్క లెక్క తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఒక గీత చివర జీ-0 రావాలంటే ఒక కంట్రోల్ పాయింటు (గీతను పట్టుకుని వంచే బిందువు) చాలు, జీ-1కి రెండు, జీ-2కి మూడు కావాలి. రెండు చివర్లా జీ-2 కావాలంటే మొత్తం ఆరు పాయింట్లు, అంటే డిగ్రీ 5 గీత. అందుకే అనుభవం ఉన్న మోడలర్ల గీతల్లో నాలుగు లేదా ఆరు పాయింట్లే కనిపిస్తాయి, కొత్తవాళ్ల గీతల్లో ఇరవై కనిపిస్తాయి. ఇరవై పాయింట్లున్న గీతను ఎంత సర్దినా ఏదో ఒకచోట అల వస్తూనే ఉంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. రేపు కొలత మారితే మోడల్ దానంతటదే మారాలా, లేక చేత్తో మళ్లీ చేసుకోగలరా? మీ దగ్గర ఉన్నది మ్యాక్ ల్యాప్‌టాపా, విండోసా? విద్యార్థి ఐడీ ఉందా? ఉద్యోగం ఏ రంగంలో వెతుకుతున్నారు? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని కింద పట్టిక చూడండి.

| సాఫ్ట్‌వేర్ | ఎవరికి | సర్ఫేస్ మీద పట్టు | తర్వాత మార్పులు | ఖర్చు |
|---|---|---|---|---|
| రైనో | ప్రొడక్ట్, నగలు, ఆర్కిటెక్చర్ | చాలా బాగుంటుంది | చేత్తో చేసుకోవాలి, గ్రాస్‌హాపర్ (రైనోలో ప్రోగ్రామ్‌లా అమర్చుకునే టూల్) ఉంటే తేలిక | ఒక్కసారి కొంటే చాలు |
| ఫ్యూజన్ | కొత్తవాళ్లు, చిన్న ఉత్పత్తులు | ఫర్వాలేదు | తేలిక | సొంత వాడకానికి ఉచితం |
| సాలిడ్‌వర్క్స్ | మెకానికల్ ప్రొడక్ట్ ఇంజనీర్లు | బాగుంటుంది | చాలా తేలిక | ఎక్కువ |
| ఏలియస్ | కార్ల స్టైలింగ్, క్లాస్-ఏ | అన్నిటికంటే ఎక్కువ | చేతిపని | చాలా ఎక్కువ, విద్యార్థులకు ఉచితం |
| కాటియా | ఆటోమొబైల్, విమాన రంగ ఇంజనీర్లు | బాగుంటుంది | తేలిక, కానీ క్రమశిక్షణ కావాలి | చాలా ఎక్కువ |
| బ్లెండర్ | రెండర్, యానిమేషన్, కాన్సెప్ట్ | వేరే రకం పని | తేలిక | పూర్తిగా ఉచితం |

## రైనో

నన్ను ఒక్కటే చెప్పమంటే రైనో చెప్తాను, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నా. సియాటెల్‌లోని మెక్‌నీల్ సంస్థ 1998లో మొదటి వెర్షన్ తెచ్చింది. దీని ప్రాణమంతా నర్బ్స్‌లోనే ఉంది, అంటే పైన చెప్పిన కంట్రోల్ పాయింట్ల గణితం. గీత గీస్తే పాయింట్లు కళ్లముందే కనిపిస్తాయి, పట్టుకుని లాగొచ్చు, కర్వేచర్ గ్రాఫ్ ఆన్ చేస్తే గీత మీద దువ్వెన పళ్లలా నిలబడిన గీతలు వంపు ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో చూపిస్తాయి. సర్ఫేసింగ్ మూలసూత్రాలు ఇంత తేటగా కనపడే చోటు ఈ ధరలో ఇంకోటి నాకు తెలియదు.

90 రోజుల ట్రయల్‌లో అన్ని ఫీచర్లూ పనిచేస్తాయి, ఆ తర్వాత సేవ్ చేయనివ్వదు. రోజుకు రెండు గంటలు కూర్చోగలిగితే బేసిక్స్‌కి ఆ 90 రోజులు చాలు, కాబట్టి ఖాళీ దొరికినప్పుడే ఇన్‌స్టాల్ చేయండి, పరీక్షల ముందు వద్దు. నెలనెలా కట్టే చందా లేదు, కొన్న వెర్షన్ మీదే. అమెరికా ధర 995 డాలర్లు, విద్యార్థులకు 195, ఇక్కడి ధర డీలర్‌ని కనుక్కోండి. విద్యార్థి లైసెన్సుతో డబ్బు తీసుకునే పనులు కూడా చేసుకోవచ్చు, ఈ వెసులుబాటు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉండదు. విండోస్, మ్యాక్ రెండిట్లోనూ నడుస్తుంది.

లోటు ఏంటంటే, ఫ్యూజన్‌లోలాగా ఫీచర్ ట్రీ, అంటే చేసిన పనుల వరుస జాబితా, ఉండదు. సీసా మెడ రెండు మిల్లీమీటర్లు సన్నం చేయమన్నారంటే, దాని మీద కట్టిన బ్లెండులన్నీ (రెండు పొరలను నునుపుగా కలిపే మధ్య పొరలు) చాలాసార్లు తీసేసి మళ్లీ వేసుకోవాలి. పాత గీతలను లేయర్లలో జాగ్రత్తగా దాచుకునే అలవాటు అందుకే మొదటి రోజు నుంచే చేసుకోవాలి. గ్రాస్‌హాపర్ వస్తే ఈ బాధ చాలావరకు పోతుంది, అది రైనో 6 నుంచి లోపలే వస్తోంది. భవనం ముందు భాగంలో వందల ప్యానెళ్లు ఒక్కోటి ఒక్కో సైజులో ఉండేలాంటివి ఆర్కిటెక్టులు దాంతోనే చేస్తారు. రైనో 7 నుంచి సబ్‌డీ కూడా ఉంది, బంకమట్టి పిసికినట్టు ఆకారం తెచ్చుకుని తర్వాత నర్బ్స్‌గా మార్చుకోవచ్చు.

నగల పనిలో ఉన్నవాళ్లు ఎక్కువ ఆలోచించకండి. మ్యాట్రిక్స్‌గోల్డ్ లాంటి నగల సాఫ్ట్‌వేర్ రైనో మీదే నడుస్తుంది, అంటే రైనో వస్తే అటు వెళ్లడం పెద్ద కష్టం కాదు. ఉంగరం రెజిన్‌లో ప్రింట్ అయ్యి, పోతకు వెళ్లే ముందు ఫైలులో తెరిచి ఉన్న అంచులు లేకుండా చూసుకోండి. షో-ఎడ్జెస్ కమాండ్‌లో నేకెడ్ ఎడ్జెస్ ఎంచుకుంటే అవన్నీ రంగులో బయటపడతాయి.

ఇంకో హెచ్చరిక. నెట్‌వర్క్ సర్ఫేస్ అనే కమాండ్ కొత్తవాళ్లకు తెగ నచ్చుతుంది, గీతలన్నీ సెలెక్ట్ చేసి ఎంటర్ కొడితే పొర వచ్చేస్తుంది. తర్వాత పాయింట్లు ఆన్ చేసి చూడండి, దోమతెరలా ఉంటాయి. దాన్ని సరిచేయడం కంటే నాలుగు గీతలతో శుభ్రంగా ఇంకోటి కట్టుకోవడం తేలిక.

## ఫ్యూజన్, సాలిడ్‌వర్క్స్

ఈ రెండూ ఒకే తీరు ఆలోచనతో నడుస్తాయి కాబట్టి కలిపి చెప్తున్నా. రెండిట్లోనూ చేసిన ప్రతి పనీ వరుసగా నమోదవుతుంది, వెనక్కి వెళ్లి కొలత మారిస్తే ముందున్నవన్నీ సర్దుకుంటాయి. గేరు, బ్రాకెట్, స్క్రూ బాస్ (స్క్రూ దిగే గొట్టం), వీటితో పాటు ఒక వంపు తిరిగిన మూత, అలాంటి ఉత్పత్తులకు ఇదే సుఖం.

ఫ్యూజన్ సొంత వాడకానికి ఉచితం, కానీ ఒకేసారి 10 ఫైళ్లు మాత్రమే ఎడిట్ చేయగలిగే స్థితిలో ఉంచుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకు అది పెద్ద ఇబ్బంది కాదు. సర్ఫేస్ ట్యాబ్‌లో లాఫ్ట్, ప్యాచ్, ట్రిమ్, స్టిచ్, థికెన్ ఉన్నాయి, ఫార్మ్‌లో టీ-స్ప్లైన్స్ ఉన్నాయి. ఆకారం లాగి చూసుకోవడానికి టీ-స్ప్లైన్స్ హాయిగా ఉంటాయి గానీ, ఐదు అంచులు ఒకే బిందువులో కలిసే చోట చారలు కొంచెం చెదురుతాయి. మెరిసే ప్లాస్టిక్ మీద అది కనపడుతుంది, గరుకు టెక్స్చర్ ఇస్తే ఎవరికీ కనపడదు. ఈ సంగతి క్లయింటుతో ముందే మాట్లాడుకోండి.

సాలిడ్‌వర్క్స్‌లో బౌండరీ సర్ఫేస్ అనేదొకటి బాగా నేర్చుకుంటే చాలా పని అయిపోతుంది, అంచుల దగ్గర జీ-2 కూడా అడగొచ్చు. అది విండోస్‌లోనే నడుస్తుంది. ఇంట్లో నేర్చుకోవడానికి మేకర్స్ వెర్షన్ చవకే, కానీ అందులో చేసిన ఫైళ్లు కంపెనీ లైసెన్సులో తెరుచుకోవు. ఆ వెర్షన్‌లో చేసినవి నేర్చుకోవడానికీ సొంత సరదాకీ మాత్రమే అనుకోండి.

## ఏలియస్

టొరంటోలో 1983లో మొదలైన కంపెనీ ఇది, 2006లో ఆటోడెస్క్ చేతికి వచ్చింది. కార్ల కంపెనీల స్టైలింగ్ స్టూడియోల్లో డిజిటల్ క్లే మోడల్ అంటే ఎక్కువగా ఇదే గుర్తొస్తుంది. అసలు కంట్రోల్ పాయింట్ల గణితమే కార్ల కోసం పుట్టింది. సిట్రోయెన్‌లో డి కాస్టెల్యూ 1959లో, రెనోలో బెజియే 1960ల్లో, డోరు వంపును అంకెల్లో ఎలా పట్టుకోవాలా అని కుస్తీ పడితే వచ్చిన గీతలివి.

ఏలియస్‌లో పని తీరు వేరు. మనలాంటివాళ్లం అంచు నుంచి అంచుకు పొర పరిచేస్తాం. అక్కడ ముందు పెద్ద పొరలు కడతారు, వాటిని అవసరానికి మించి పొడవుగా సాగదీస్తారు, రెండు పెద్ద పొరలు ఒకదాన్నొకటి కోసుకునే గీతను సరిచూసుకుంటారు, ఆ తర్వాతే మధ్యలో బ్లెండు వేస్తారు. బ్లెండు అంతా అయ్యాక పెద్ద పొరలో తప్పు తెలిస్తే మొత్తం విప్పాల్సిందే. మూడు మూలల పొర కావాల్సి వస్తే ఒక అంచును బిందువుగా నొక్కేయరు, అలా చేస్తే ఆ కొన దగ్గర వెలుగు ముడుచుకుంటుంది. నాలుగు అంచుల పొర కట్టి, అక్కర్లేనిది ట్రిమ్ చేస్తారు. ఈ ఒక్క అలవాటు మీరు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా పనికొస్తుంది.

విద్యార్థులకు ఏడాది లైసెన్సు ఉచితంగా ఇస్తారు, చదువుతున్నంత కాలం రెన్యూ చేసుకోవచ్చు. కాబట్టి కాలేజీలో ఉండగానే పట్టుకోండి, బయటికొచ్చాక సొంతంగా కొనడం మామూలు మనిషి వల్ల కాదు. కానీ గీతల మీద పట్టు లేకుండా నేరుగా ఇందులో దిగడం నేల విడిచి సాము చేయడమే, రెండు వారాల్లో విసుగొచ్చి వదిలేసినవాళ్లను చూశాను. రైనోలో మూడు నెలలు చేసి వచ్చినవాళ్లు నిలబడతారు.

## కాటియా

అమీర్‌పేటలో ఏ గోడ మీద చూసినా కాటియా కోర్సు పోస్టరు ఉంటుంది కదా, ఇక్కడ ఒక విషయం విడమరిచి చెప్పాలి. కారు కంపెనీల్లో "సర్ఫేసింగ్" అంటే రెండు వేర్వేరు ఉద్యోగాలు. ఒకటి, బయటికి కనిపించే ఏ-సర్ఫేస్ కట్టే పని, ఇది ఏలియస్‌లోనో, అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఐసెమ్ సర్ఫ్‌లోనో చేస్తారు. రెండోది, ఆ ఏ-సర్ఫేస్ తీసుకుని దానికి లోపలి బీ-సైడ్ కట్టి, మందం ఇచ్చి, మోల్డులోంచి పార్టు ఊడి రావడానికి డ్రాఫ్ట్ కోణం ఇచ్చి, రిబ్బులు, క్లిప్పులు పెట్టే పని. డ్యాష్‌బోర్డు, డోర్ ట్రిమ్, బంపర్ మీద పనిచేసే ఇంజనీర్లు చేసేది ఇదే, కాటియాలో జనరేటివ్ షేప్ డిజైన్ ఇందుకే ఎక్కువ వాడతారు. హైదరాబాదు, పుణె, చెన్నై, బెంగళూరుల్లో మెకానికల్ వాళ్లకు దొరికే ఉద్యోగాలు ఎక్కువగా రెండో రకమే.

కాబట్టి కోర్సులో చేరే ముందు అడగండి. షేప్ డిజైన్ ఎన్ని గంటలు చెప్తారు? ప్లాస్టిక్ పార్టు మొదటి నుంచి చివరిదాకా చేయిస్తారా? డ్రాఫ్ట్ అనాలిసిస్ చూపిస్తారా? పార్ట్ డిజైన్‌లో నట్టూ బోల్టూ చేయించి పంపించే కోర్సుకు డబ్బు కట్టకండి. బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతోంది, మోల్డు ఎలా తెరుచుకుంటుందో కళ్లారా చూడాలనుకుంటే అలాంటి చోట చేరడం మంచిది. మొదట చెప్పిన నా ప్లాస్టిక్ కేసు విషయంలో నాకు లేనిది ఆ అవగాహనే.

## బ్లెండర్, ఇంకొకటి

బ్లెండర్ అద్భుతమైన సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు. కానీ అది పాలిగాన్ మెష్‌తో పనిచేస్తుంది, చిన్న చిన్న పలకలను నునుపు చేసి చూపిస్తుంది. త్రీడీ ప్రింటుకు, గేములకు, రెండర్లకు అది చాలు. టూల్‌రూమ్ వాళ్లు స్టెప్ ఫైలు (క్యాడ్ సాఫ్ట్‌వేర్లన్నీ చదవగలిగే ఫార్మాట్) అడిగితే మాత్రం బ్లెండర్ నుంచి నేరుగా రాదు, మెష్‌ని నర్బ్స్‌గా మార్చడానికి పడే తిప్పలు చూస్తే మళ్లీ మొదటి నుంచి చేసుకోవడమే నయం అనిపిస్తుంది. బ్లెండర్ అలవాటున్న కాన్సెప్ట్ ఆర్టిస్టులైతే ప్లాస్టిసిటీ చూడండి, చేతివాటం బ్లెండర్‌లాగే ఉంటుంది, లోపల పారాసాలిడ్ అనే క్యాడ్ ఇంజిన్ ఉంది కాబట్టి స్టెప్ ఇస్తుంది.

## మీరైతే ఏది

డిజైన్ కాలేజీలో ఉన్నవాళ్లు రైనోతో మొదలుపెట్టి, రెండో సెమిస్టర్ నుంచి ఏలియస్. మెకానికల్ చదివి ఆటోమొబైల్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లు కాటియా షేప్ డిజైన్, పక్కన ఒక నెల రైనో గీతలు. సొంతంగా ఒక వస్తువు తయారుచేసి అమ్మాలనుకునేవాళ్లకు ముందు ఫ్యూజన్ చాలు, అమ్మకాలు మొదలుపెట్టే ముందే లైసెన్సు నిబంధనలు మళ్లీ చదవండి. ఆర్కిటెక్చర్ వాళ్లకు రైనో, గ్రాస్‌హాపర్, వేరే ఆలోచన అక్కర్లేదు. అమెరికాలోనో యూరప్‌లోనో డిజైన్ ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు పోర్ట్‌ఫోలియోలో రెండర్ పక్కనే జీబ్రా చారల బొమ్మ ఒకటి పెట్టండి, మీ పని ఎంత శుభ్రంగా ఉందో అందులో తెలిసిపోతుంది.

## ఏ వరుసలో నేర్చుకోవాలి

ఏది ఎంచుకున్నా మొదటి మూడు వారాలు పొరలు ముట్టుకోకండి, గీతలే గీయండి. ఇంట్లో గరిటె పక్క నుంచి ఫొటో తీసి బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టి, దాని అంచును ఆరు పాయింట్లకు మించకుండా పట్టుకోండి. కుదరకపోతే గీతను రెండు ముక్కలు చేసి మధ్యలో జీ-2 కలపండి. తర్వాత అదే గరిటెను పొరలతో కట్టండి. గుంటా, కాడా కలిసే చోటే మీకు అసలు పాఠం దొరుకుతుంది.

ఆ తర్వాత కంప్యూటర్ మౌస్. పైన ఒక పెద్ద పొర, పక్కన రెండు, వాటి మధ్య బ్లెండులు, కింద మూత విడిపోయే పార్టింగ్ లైను. నా లెక్కలో దీనికి నెల పడుతుంది, తొందరపడొద్దు. మూడోది హెయిర్ డ్రయ్యర్, గొట్టంలోంచి పిడి పుట్టుకొచ్చే చోట వై ఆకారపు బ్లెండు వస్తుంది, మధ్యస్థాయి దాటారా లేదా అన్నది అక్కడ తేలుతుంది. ఆ తర్వాత బైకు ట్యాంకు. అది పూర్తయ్యేసరికి ఆరు నెలల నుంచి ఏడాది అవుతుంది.

ప్రతి మోడల్ చివర్లో మూడు పనులు చేయండి. జీబ్రా వేసి కీళ్ల దగ్గర మెల్లగా తిప్పి చూడండి. రెండు మిల్లీమీటర్ల మందం ఇచ్చి చూడండి. స్టెప్‌గా సేవ్ చేసి వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, సాలిడ్‌గా వచ్చిందో, ముక్కలుగా విడిపోయిందో చూడండి. మందం ఇచ్చే దగ్గర ఎర్రర్ వస్తే భయపడకండి, చిన్న రేడియస్ ఎక్కడుందో వెతకండి, తొంభై శాతం సార్లు నాకు తగిలినట్టే వేలు ఆనే అంచు దగ్గరే ఉంటుంది.